ముక్కు ఒప్పుకుంటేనే మిషను పనిచేస్తుంది

(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఊపిరితిత్తుల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



 వైద్య సాయం గురించి అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. పెద్ద పెద్ద జబ్బుల గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను మాట్లాడబోయేది ముక్కు రంధ్రం అంచున పడే గోరంత పుండు గురించి. వినడానికి ఇది చిన్న సంగతే. మీరిచ్చిన డబ్బుతో కొన్న మిషను రాత్రంతా నడవాలో, మంచం కింద దుమ్ము పట్టాలో చాలా ఇళ్లలో తేల్చేది ఆ పుండే.

ఏటేటా ఇక్కడ లెక్కలు చదువుతారు. ఎన్ని వీల్‌చైర్లు ఇచ్చాం, ఎన్ని ఆక్సిజన్ మిషన్లు ఇచ్చాం, గురక జబ్బువాళ్లకి ఎన్ని సీప్యాప్ మిషన్లు ఇచ్చాం అని చెబుతారు. వీల్‌చైర్ ఇస్తే మనిషి ఆ రోజే కూర్చుంటాడు. సీప్యాప్ అలా కాదు. దాన్ని ముక్కుకి తగిలించుకుని ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి. అదీ ఒక రాత్రి కాదు, ఏళ్ల తరబడి. నాలుగో రోజున ముక్కు మండిందంటే ఐదో రోజున మాస్కు పక్కన పెట్టేస్తారు. తరవాత అడిగితే మొహమాటానికి "బాగానే ఉంది డాక్టర్ సాబ్" అంటారు. దానం చేసినవాళ్లు నొచ్చుకుంటారని నిజం చెప్పరు. అందుకే ఈ సంగతి దాతల ముందే మాట్లాడాలనుకున్నాను.

జబ్బు ఏమిటి, మిషను ఏం చేస్తుంది

గురక అంటే మన ఇళ్లలో నవ్వులాట. అయితే గురక పెడుతూ పెడుతూ మధ్యలో చప్పుడు ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ ఊపిరి తీసుకుంటుంటే అది నవ్వే విషయం కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే దాన్ని ఒకసారిగా లెక్కిస్తాం. గంటకి 5 సార్లు దాటితే జబ్బు ఉన్నట్టు, 30 దాటితే తీవ్రంగా ఉన్నట్టు. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. పొద్దున లేచేసరికి తలనొప్పి, పగలంతా కునుకుపాట్లు. రక్తపోటు మాత్రలకి లొంగదు. గుండె మీద భారం పడుతుంది. 2019లో లాన్సెట్ కుటుంబానికి చెందిన వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 93 కోట్లకు పైగా పెద్దవాళ్లకి ఈ జబ్బు ఏదో ఒక స్థాయిలో ఉంది.

మనవాళ్లలో లారీ డ్రైవర్లు, ఆటో డ్రైవర్లు, మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎక్కువ. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి అర నిమిషం కునుకు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాణం పోయే ప్రమాదం ఆ మనిషి ఒక్కడికే కాదు, ఎదురొచ్చేవాళ్లకి కూడా.

ఈ జబ్బుకి 1980 దాకా ఉన్న గట్టి వైద్యం ఒకటే. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టేవారు. ఆ ఏడు జూన్‌లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా నిదానంగా, ఆగకుండా గాలి ఒత్తిడి పంపి, గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచవచ్చని ఒక రోగి మీద చూశారు. 1981లో ఐదుగురు రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నేటి సీప్యాప్‌కి అదే మొదలు. మిషను పంపే ఒత్తిడిని నీటిమట్టంతో కొలుస్తాం. మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉంటుంది. లోపలికి పోయేది మందు కాదు, ఆక్సిజన్ కాదు, మన గదిలో గాలే.

ఆ తొలి రోజుల్లో ఒక్కొక్క రోగి ముక్కుకీ విడిగా అచ్చు తీసి, ఫైబర్‌గ్లాసుతో మాస్కు చేసి, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో అంటించేవారు. మిషను దొరికాక కూడా ఏళ్ల తరబడి వైద్యుల తలనొప్పి మాస్కు గురించే. తరవాతి కాలంలో మెత్తటి మాస్కులు, రకరకాల సైజులు వచ్చాయి. అయినా మన రోగుల్లో చాలామందికి సైజు చూడకుండా, పెట్టెలో ఏది వస్తే అదే చేతికిస్తున్నారు.

ఎక్కడ నొప్పో చెబితే కారణం తెలుస్తుంది

ముక్కు నొప్పి అని రోగి చెప్పగానే వెంటనే ఏదో ఆయింట్‌మెంట్ రాసేయకూడదు. ముందు అద్దం ముందు నిలబెట్టి, ఎక్కడ నొప్పో వేలితో చూపించమనాలి. కారణాలు ముఖ్యంగా మూడు. ఒరిపిడి, ఎండిపోవడం, మురికి.

ముక్కు రంధ్రం అంచున, కింది వైపున, రెండు రంధ్రాల మధ్య ఉన్న చర్మం మీద ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటే అది ఒరిపిడి. మాస్కు సైజు తప్పో, పట్టీలు బిగుతో అయి ఉంటుంది. ఒక్క వైపే పుండు ఉంటే ట్యూబు బరువుకి మాస్కు పక్కకి లాగుతోందేమో, ఆ వైపు తిరిగి పడుకుంటే దిండు నొక్కుతోందేమో చూడాలి.

ముక్కు లోపల మంట, పెచ్చులు కట్టడం, చీదితే నెత్తుటి చార కనిపించడం, తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉంటే గాలి తేమ లేక ముక్కు ఎండిపోతోందని అర్థం.

మాస్కు తగిలిన మేరంతా దురద, చిన్న చిన్న పొక్కులు లేస్తే కుషన్ మీద పేరుకున్న చెమట, జిడ్డు, లేదా కడిగిన సబ్బు సరిగా పోకపోవడం కారణం కావచ్చు. కొందరికి మూడూ కలిసి ఉంటాయి.

ఒరిపిడికి మందు: సైజు, పట్టీ, ట్యూబు

ముక్కుకి పెట్టే మాస్కులు మూడు రకాలుగా దొరుకుతాయి. ముక్కు మొత్తాన్ని కప్పేది ఒకటి. ముక్కు కింద ఊయలలా ఆనుకుని ఉండేది ఒకటి. రెండు రంధ్రాల దగ్గర చిన్న మెత్తటి బుడిపెలు ఆనేది ఇంకొకటి, దీన్ని పిల్లో మాస్కు అంటారు. ఇవి కాక ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్‌ఫేస్ మాస్కు ఉంది.

రంధ్రాల పుండ్లు ఎక్కువగా పిల్లో మాస్కుతో వస్తాయి. ఆ బుడిపె రంధ్రం నోటి దగ్గర ఆనాలి, లోపలికి దూరకూడదు. సైజు చిన్నదైతే లోపలికి జారి ఒరుస్తుంది. గాలి పోతోందని రోగి పట్టీలు ఇంకా బిగిస్తాడు. సైజు పెద్దదైతే అంచుల్ని సాగదీస్తుంది. కాబట్టి చిన్న, మధ్య, పెద్ద సైజులు మూడూ పెట్టి చూడాలి. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే సరిపోదు. మంచం మీద పడుకోబెట్టి, మిషను ఆన్ చేసి, గాలి ఒత్తిడి మీదే ఇటూ అటూ దొర్లించి చూడాలి. పడుకున్నప్పుడు మొహం ఆకారమే మారుతుంది.

గాలి పోతోందంటే బిగించడమే మన అలవాటు. సైకిలు ట్యూబుకైనా, పంపు సెట్టుకైనా అదే చేస్తాం. ఈ మాస్కుల దగ్గర అది పనికిరాదు. కుషన్ గాలితో కొద్దిగా ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. గట్టిగా లాగితే నలిగి, ఇంకో చోట లీకవుతుంది. పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు సులువుగా దూరేటంత వదులు ఉండాలి. పొద్దున లేచేసరికి మొహం మీద లోతుగా అచ్చులు పడుతున్నాయంటే బిగుతు ఎక్కువైనట్టే. లీకు ఆగకపోతే ముందు వదులు చేసి, మాస్కుని మొహం మీద నుంచి కొంచెం లేపి మళ్లీ కూర్చోబెట్టాలి. అప్పటికీ ఆగకపోతే సైజో, రకమో మార్చాలి. కుషన్ పాతబడి గట్టిపడినా, సాగినా, పసుపు రంగు తిరిగినా ఇదే తంతు.

ట్యూబు ఛాతీ మీదుగా వేలాడకుండా మంచం తలవైపు కొక్కేనికో, మేకుకి కట్టిన గుడ్డ పట్టీకో తగిలిస్తే మాస్కు మీద లాగుడు పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మనవాళ్ల విషయంలో ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి. గడ్డం ఉన్న మగవాళ్లకి ఫుల్‌ఫేస్ మాస్కు చెంపల మీద, గడ్డం మీద సరిగా అతకదు. లీకు ఆపాలని బిగిస్తే పుండ్లు తప్ప లాభం ఉండదు. ముక్కు ద్వారా ఊపిరి బాగా ఆడేవాళ్లయితే ముక్కు కింద ఆనే మాస్కో, పిల్లో మాస్కో వాళ్లకి నప్పుతుంది. గడ్డం తీసేయక్కర్లేదు, మాస్కు మారిస్తే చాలు. ఈ ఒక్క మాట ముందే చెప్పక, మొహమాటంతో మిషనే వద్దనుకున్న పెద్దవాళ్లని నేను చూశాను.

ఆడవాళ్లకి ముక్కుపుడక సంగతి. పుడక లోపలి మర, పిల్లో మాస్కు బుడిపె ఒకదాన్నొకటి ఒరుసుకుని రంధ్రం లోపల కోసేస్తాయి. రాత్రికి పుడక తీయడమో, ముక్కు మొత్తం కప్పే మాస్కు తీసుకోవడమో చేయాలి. పడుకోబోయే ముందు మొహానికి క్రీము, జుట్టుకి నూనె దట్టంగా పెడితే మాస్కు జారుతుంది, పట్టీల ఎలాస్టిక్ సాగిపోతుంది. మళ్లీ బిగించాల్సి వస్తుంది. నూనె పగలు పెట్టుకుని, రాత్రి మొహం కడుక్కుని తుడుచుకుని మాస్కు పెట్టుకుంటే మేలు.

ఎండిపోవడానికి మందు: తేమ

మనం పీల్చే గాలిని ముక్కు తడిపి, వెచ్చబరిచి ఊపిరితిత్తులకి పంపుతుంది. వదిలే ఊపిరిలోంచి ఆ తడిలో కొంత తిరిగి తీసుకుంటుంది. మిషను గాలి జోరుగా వస్తున్నప్పుడు నోరు తెరుచుకుందనుకోండి. గాలి ముక్కులోంచి వెళ్లి నోట్లోంచి బయటికి పోతుంది. ముక్కుకి తడి ఇవ్వడమే గానీ తీసుకోవడం ఉండదు. అలా రాత్రంతా సాగితే లోపలి పొర ఎండి, వాచి, పగులుతుంది. వాచిన ముక్కు దిబ్బడేస్తుంది. దిబ్బడేస్తే నోరు ఇంకా తెరుచుకుంటుంది. ఇలా ఒకదానికొకటి తోడై పెరుగుతాయి. పొద్దున నాలుక అట్టలా ఎండిపోయి ఉందంటే నోటి లీకు ఉన్నట్టు అనుమానించాలి.

దీనికి మొదటి విరుగుడు మిషనుకి అమర్చే హ్యూమిడిఫైయర్. అది చిన్న నీళ్ల డబ్బా, అడుగున వేడి చేసే పలక. గాలి దాని మీదుగా తడిసి వస్తుంది. ముక్కు ఎండుతుంటే తేమ సెట్టింగు ఒక మెట్టు పెంచి, రెండు మూడు రాత్రులు చూడాలి. ట్యూబులో నీళ్లు చేరి మొహం మీద చిందితే ఒక మెట్టు తగ్గించాలి, లేదా ట్యూబుకి గుడ్డ తొడుగు వేయాలి. ఏసీ గదుల్లో ఇది ఎక్కువ. మిషను ఎప్పుడూ తల ఎత్తు కంటే కిందనే ఉండాలి. లేకపోతే డబ్బా నీళ్లు ట్యూబులోకి దిగవచ్చు.

డబ్బాలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోస్తే తెల్లగా గార కడుతుంది. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి, డబ్బా కడిగి, కొత్తవి పోయాలి. అందులో అత్తరు చుక్క గానీ, నీలగిరి తైలం గానీ, కర్పూరం గానీ వేయకండి. పరిమళం కోసం వేసింది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తేమ పెంచినా నోరు ఎండుతుంటే ముక్కు దిబ్బడ ఎందుకో చూపించుకోవాలి. అలర్జీ ఉండవచ్చు, ముక్కు దూలం వంకర ఉండవచ్చు. గడ్డం కింద కట్టే పట్టీ గానీ, ఫుల్‌ఫేస్ మాస్కు గానీ ఎవరికి పనికొస్తుందో వైద్యుడు చెప్పాలి. సెల్‌ఫోన్‌లో చూసి నోటికి టేపు అంటించుకోవడం మాత్రం వద్దు.

ముక్కులో ఏం పెట్టవచ్చు, ఏం పెట్టకూడదు

మందుల దుకాణంలో సెలైన్ చుక్కలు, సెలైన్ జెల్ దొరుకుతాయి. ఉప్పునీటి చుక్కలు పడుకునే ముందు రెండేసి వేసుకుంటే పెచ్చులు మెత్తబడతాయి. అంచున ఒరుసుకుపోయిన చోట నీటి ఆధారంగా చేసిన జెల్ పలుచగా రాయవచ్చు. పెచ్చుల్ని గోటితో గిల్లకూడదు. గిల్లితే మళ్లీ నెత్తురు, మళ్లీ పెచ్చు.

మన ఇళ్లలో చేతికి అందేవి వాసెలిన్, కొబ్బరినూనె, నెయ్యి, విక్స్. ఇవి రాత్రి ముక్కులో పెట్టుకోకండి. నూనె, జిడ్డు రోజూ కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడ ఒక రకం న్యుమోనియా వస్తుంది. జిడ్డు తగిలితే మాస్కు సిలికాన్ త్వరగా పాడవుతుంది. మిషనుతో పాటు ఆక్సిజన్ కూడా పెట్టుకునేవాళ్లకి జిడ్డు వల్ల మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. విక్స్ లాంటివి ముక్కు లోపల రాసుకోవడానికి చేసినవి కావు, పుండు మీద పడితే మంట ఎక్కువవుతుంది. దిబ్బడ పోగొట్టే స్ప్రేలు వెంటనే హాయిగా ఉంటాయి. వాటిని మూడు నాలుగు రోజులకి మించి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది.

వుజూ గురించి ఒక మాట. రోజూ ఐదు పూటలా ముక్కులో నీళ్లు ఎక్కించి శుభ్రం చేసుకునే అలవాటు మనది. పుండు ఉన్నప్పుడు గట్టిగా పీల్చి, గట్టిగా చీదితే ఎండిన పెచ్చు ఊడి నెత్తురు వస్తుంది. మెల్లగా చేయండి. విడిగా ఉప్పునీటితో ముక్కు లోతుగా కడుక్కునేవాళ్లు మాత్రం నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి. నీటిలో ఉండే నెగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరితే ప్రాణాంతకం. కరాచీలో ఇలాంటి మరణాలు జరిగాయి, కేరళలోనూ ఈ అమీబా జబ్బు కేసులు వచ్చాయి. అరుదైన జబ్బే, కానీ నీళ్లు మరిగించడం కష్టమైన పని కాదు. ఉపవాసం ఉన్నప్పుడు చుక్కల మందు గురించి సందేహం ఉంటే మీ ఆలిమ్‌ని అడగండి. పడుకునే ముందు వేసుకునేవి కాబట్టి ఇఫ్తార్ తరవాత వేసుకుంటే చాలామందికి ఆ సందేహమే రాదు.

మురికికి మందు: రోజూ రెండు నిమిషాలు

ఫజ్ర్ తరవాత కుషన్ విప్పి, గోరువెచ్చటి నీళ్లలో గాఢత లేని సబ్బుతో కడిగి, సబ్బు మొత్తం పోయేదాకా జాడించి, నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే సిలికాన్ గట్టిపడుతుంది. డెటాల్, స్పిరిట్, శానిటైజర్ వద్దు. వాటి అవశేషం రాత్రి ముక్కు మీద పనిచేస్తుంది. పట్టీలు, ట్యూబు వారానికి ఒకసారి ఉతకాలి. మిషను వెనక ఉండే ఫిల్టర్ నల్లబడితే మార్చాలి. రోడ్డు పక్క ఇళ్లలో, దుమ్ము ఎక్కువ ఉన్న పేటల్లో ఇంకా త్వరగా మార్చాల్సి వస్తుంది.

పుండు పడ్డాక మిషను ఆపాలా?

రోగులు అందరూ అడిగే ప్రశ్న ఇది. వీలైనంత వరకు మిషను ఆపకండి, మాస్కు మార్చండి. పిల్లో మాస్కుతో పుండు పడితే, ముక్కు మొత్తం కప్పే మాస్కుకి నాలుగైదు రోజులు మారితే పుండుకి విశ్రాంతి దొరుకుతుంది, నిద్రకి వైద్యం ఆగదు. రెండు రకాల మాస్కులు దగ్గర పెట్టుకుని మార్చి మార్చి వాడేవాళ్లకి ఒకే చోట ఒరిపిడి పడదు. ఏ కారణంగానైనా మిషను లేకుండా పడుకోవాల్సి వస్తే డ్రైవర్లు మర్నాడు బండి ఎక్కే ముందు ఆలోచించాలి.

ఇంకో సంగతి. సహరీకో, తహజ్జుద్‌కో, ఫజ్ర్‌కో లేచినప్పుడు మాస్కు తీస్తారు. నమాజు అయ్యాక మళ్లీ నడుం వాల్చినప్పుడు ముక్కు మంటగా ఉందని మాస్కు పెట్టుకోరు. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, ఊపిరి ఎక్కువగా ఆగేదీ చాలామందికి ఆ నిద్రలోనే. కాబట్టి ఫజ్ర్ తరవాత గంట పడుకున్నా, మధ్యాహ్నం కునుకు తీసినా మాస్కు ఉండాలి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఇంటి చిట్కాలు ఆపి వైద్యుడి దగ్గరికి రావాలి. ముక్కు నుంచి నెత్తురు పదే పదే కారడం, పుండు వారం పది రోజుల్లో మానకపోవడం, చీము, జ్వరం, ముక్కు కొన ఎర్రగా వాచి నొప్పి పుట్టడం. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల ముక్కులో నల్లటి పెచ్చు కనిపించినా, ఒక పక్క మొహం నొప్పి, కంటి వాపు ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 2021లో బ్లాక్ ఫంగస్ ఎలా ప్రాణాలు తీసిందో మనందరికీ గుర్తుంది.

దాతలకి నా మనవి

ఇంతసేపూ చెప్పినదాంట్లో ఖరీదైన మందు ఒక్కటైనా ఉందా? లేదు. సరైన సైజు కుషన్, తేమ డబ్బా, ఫిల్టర్లు, సెలైన్ జెల్, దగ్గర కూర్చుని చూపించే ఒక మనిషి. అంతే. అయినా మన దానం మిషను పెట్టె దగ్గరే ఆగిపోతోంది. ఫొటో తీసుకుని, పెట్టె చేతికిచ్చి పంపేస్తున్నాం.

నా మనవి ఇది. సీప్యాప్ ఇవ్వాలనుకున్న దాత మిషను ఒక్కటే కాకుండా ఒక ఏడాది వాడకం ఇవ్వాలి. అందులో హ్యూమిడిఫైయర్ ఉండాలి. సైజు చూసి ఎంచిన కొత్త మాస్కు ఉండాలి. మార్చుకోవడానికి ఇంకో కుషన్, ఏడాదికి సరిపడా ఫిల్టర్లు ఉండాలి. మాస్కు నప్పకపోతే మార్చి ఇవ్వడానికి కొంత సొమ్ము విడిగా ఉంచాలి. మిషను ఖరీదుతో పోలిస్తే ఇదంతా కొద్ది భాగం. పది మిషన్లు ఇవ్వగల సొమ్ముతో ఎనిమిదే ఇచ్చి, ఆ ఎనిమిదీ రోజూ రాత్రి నడిచేలా చూస్తే లెక్కల పుస్తకంలో అంకె తగ్గుతుంది, మేలు పెరుగుతుంది.

సంఘం యువకులకి ఒక పని అప్పజెబుతున్నాను. మిషను ఇచ్చిన మూడో రోజు, ఏడో రోజు, నెల తిరిగిన రోజు ఫోను చేయండి. వాడుతున్నారా అని అడగవద్దు, అవుననే అంటారు. "చాచా, ముక్కు ఎక్కడైనా మండుతోందా? పొద్దున నోరు ఎండుతోందా?" అని అడగండి. అప్పుడు నిజం బయటికి వస్తుంది. మొదటి వారం పది రోజుల్లో అలవాటు పడినవాళ్లు చాలావరకు తరవాత కూడా కొనసాగిస్తారు. ఆ రోజుల్లో విసిగిపోయినవాళ్లని మళ్లీ ఒప్పించడం కష్టం. మిషను తెర మీద ఎన్ని గంటలు వాడారో, లీకు ఎంతో కనిపిస్తుంది. ఇంటికి వెళ్లినప్పుడు అది చూసి రాసుకోండి. రాత్రికి కనీసం 4 గంటల చొప్పున, నెలలో 70 శాతం రాత్రులు వాడితే వాడుతున్నట్టు వైద్యులు లెక్కిస్తారు. మన వార్షిక నివేదికలో ఇచ్చిన మిషన్ల పక్కన ఈ లెక్క కూడా ఒక గడిలో చేర్చమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

ఆడవాళ్లకి మాస్కు అమర్చడానికి, ఇంటికి వెళ్లి చూసి రావడానికి చెల్లెళ్లలో ఇద్దరు ముగ్గురు నేర్చుకోవాలి. మా ఆసుపత్రిలో ఒక్క రోజు కూర్చుంటే నేర్పిస్తాం. వాడే పద్ధతి తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ప్రతి పెట్టెలో పెట్టాలి.

ఇంట్లో వాడిన మిషన్లు దానం ఇస్తామనేవాళ్లు కూడా ఉన్నారు. సంతోషం. మిషనుని టెక్నీషియన్ చూసి, ఒత్తిడి సరిచూసి, ఫిల్టర్లు మార్చాకే ఇంకొకరికి ఇవ్వాలి. లోపలి ఫోము పొడిగా రాలుతోందని 2021లో ఒక పెద్ద కంపెనీ లక్షల మిషన్లు వెనక్కి పిలిచింది. అలాంటి మోడల్ కాదని నంబరు చూసి నిర్ధారించుకోవాలి. ఒకరు వాడిన మాస్కు, ట్యూబు మాత్రం ఇంకొకరికి ఇవ్వకండి. మాస్కు ఎప్పుడూ కొత్తదే ఇవ్వాలి. ఒత్తిడి ఎంత పెట్టాలో కూడా ఆ రోగి నిద్ర పరీక్ష చూసి వైద్యుడే నిర్ణయించాలి.

బయట ఒక బల్ల మీద మూడు సైజుల కుషన్లు, రెండు రకాల మాస్కులు, ఒక హ్యూమిడిఫైయర్ పెట్టించాను. భోజనాలకి వెళ్లే ముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. చిన్నదానికీ మధ్యదానికీ తేడా ఎంత ఉందో గమనించండి. మీరు మిషను ఇచ్చిన ఇల్లు ఏదైనా తెలిసి ఉంటే ఈ వారంలో ఒకసారి వెళ్లి, ముక్కు ఎలా ఉందని అడిగి రండి. పుండు ఉందని చెబితే పేరు సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఇన్షా అల్లాహ్, వచ్చే ఆదివారం పొద్దున పది గంటల నుంచి నేనూ, మా టెక్నీషియనూ ఈ హాల్లోనే కూర్చుని ఒక్కొక్కరికీ మాస్కు సరిచేస్తాం.